రెండో శనివారం: కుక్కకు ఆఖరి ఇంజెక్షన్ చేయించిన ఒక టీచరు కేసు

ఈ కేసు ఆవిడ అనుమతితో రాస్తున్నాను. రాసింది ఆవిడకి చదివి వినిపించాను కూడా. కుక్క పేరు, ఇంటి వివరాలు కొన్ని మార్చాను. తేదీలు మాత్రం మార్చలేదు. మారిస్తే కేసే మిగలదు, ఆవిడ బాధంతా తేదీల్లోనే ఉంది.

వచ్చిన సమస్య

2024 సెప్టెంబరు చివరి వారం. వయసు 52. గోదావరి జిల్లాల్లో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరు. నెలన్నరగా నిద్ర లేదు, అన్నం సయించడం లేదు, నాలుగు కిలోలు తగ్గారు. బోర్డు మీద లెక్క చేస్తూ చేస్తూ మధ్యలో ఆగిపోతున్నారని తోటి టీచర్లే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. థైరాయిడ్, హిమోగ్లోబిన్ బాగానే ఉన్నాయి. ఆ వయసులో మామూలుగా వచ్చే మార్పులే అయి ఉంటాయని, ఎందుకైనా మంచిదని డాక్టరు కౌన్సెలింగ్‌కి నా దగ్గరికి పంపారు.

మొదటి ఇరవై నిమిషాలు స్కూలు సంగతులే చెప్పారు. "ఇంట్లో ఎవరెవరుంటారు?" అనడిగితే, "నేను, మావారు, అత్తయ్యగారు. అమ్మాయి డాలస్‌లో ఉంటుంది" అన్నారు. కాసేపాగి, "ఇంకొకడుండేవాడు" అన్నారు.

కొడుకేమో అనుకుని నేను కొంచెం ముందుకి జరిగాను. ఆవిడ కనిపెట్టేశారు. "మనిషి కాదండి. చెబితే నవ్వుతారు."

పన్నెండేళ్ల లాబ్రడార్. బుజ్జిగాడు అందాం. ఆగస్టు 10న, శనివారం పొద్దున, ఇంజెక్షన్ చేయించారు. ఆవిడ వాడిన మాట అది కాదు. "నేనే చంపించాను" అన్నారు. ఇంగ్లీషులో నిద్రపుచ్చడం అనే మాటొకటి వాడతారు. మన ఇళ్లలో దీనికింకా ఒక మాట కుదరలేదు. "ఇంజెక్షన్ ఇప్పించాం" అని సగంలో ఆపేస్తారు, లేదంటే ఆవిడలా ఉన్నదున్నట్టు అనేస్తారు.

తెల్లవారుజామున నాలుగున్నరకి మెలకువ వస్తోంది. వాడు బయటికెళ్లడానికి లేపే వేళ అది. గచ్చు మీద గోళ్ల టకటక వినిపిస్తుంది, లేచి చూస్తే ఏమీ ఉండదు. పిచ్చెక్కుతోందేమోనని ఆవిడ భయం. ఆప్తులు పోయిన తొలి నెలల్లో ఇలా వినిపించడం, కనిపించడం మామూలే, పిచ్చి కాదు. ఆ మాట వినగానే ఆవిడ భుజాలు కొంచెం దిగాయి. దిగులు ఎంత ఉందో కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 27కి 14 వచ్చింది. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడిగాను. "వాడి దగ్గరికి పోతే బాగుణ్ననిపిస్తుంది. ఏదైనా చేసుకోవాలని మాత్రం లేదు" అన్నారు. ఆ ప్రశ్న ప్రతిసారీ అడుగుతానని చెప్పి, రాత్రిపూట అవసరమైతే మానసిక సాయం అందించే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయమని నంబరు రాసిచ్చాను.

కేసు కాగితంలో అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్, అంటే జరిగినదానికి మనసు సర్దుకోలేకపోవడం, అని రాశాను. మానసిక రోగాల్ని వర్గీకరించే డీఎస్ఎం-5-టీఆర్ పుస్తకంలో 2022లో చేర్చిన దీర్ఘకాలిక శోకం అనే రోగానికి కనీసం 12 నెలలు గడవాలి. పైగా పోయింది మనిషే అయి ఉండాలి. కుక్క పోతే వచ్చే దుఃఖానికి ఆ పుస్తకంలో కూడా చోటు లేదన్నమాట.

వెనకటి సంగతి

అమ్మాయికి పదో తరగతిలో 10 జీపీఏ వస్తే కుక్కపిల్లని కొనిస్తామన్నారు. వచ్చింది, కొన్నారు. తర్వాత అమ్మాయి ఇంటర్ హాస్టలుకి, ఇంజనీరింగుకి, ఎంఎస్‌కి వెళ్లిపోయింది. కుక్క తల్లికి మిగిలింది. మొదట్లో ఆవిడకి కుక్కలంటే గిట్టేది కాదట. పొద్దున షికారు, సాయంత్రం పెరుగన్నం, రాత్రి మంచం పక్కన గోనెపట్టా: పన్నెండేళ్లలో ఆవిడ దినచర్యంతా వాడి చుట్టూ అల్లుకుంది.

2024 మార్చి, ఏప్రిల్ నెలల్లో వాడు నీళ్లు ఎక్కువ తాగడం, ఇంట్లోనే పాసు పోయడం మొదలెట్టాడు. ఎండాకాలం కదా అనుకున్నారు. ఏప్రిల్లో టెన్త్ పేపర్ల స్పాట్ వాల్యుయేషన్, మే 13న ఎలక్షన్ డ్యూటీ. పశువుల డాక్టరుకి చూపించేసరికి జూన్ వచ్చింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 5.8. కుక్కల్లో అది 1.4 లోపు ఉండాలి, 5 దాటితే కిడ్నీ జబ్బు ఆఖరి దశ కింద లెక్క. రక్తంలో ఆ అంకె పెరగడం కనిపించే సరికే కిడ్నీల పనిలో దాదాపు ముప్పావు వంతు పోయి ఉంటుంది.

రోజు విడిచి రోజు ఇంట్లోనే చర్మం కిందికి సెలైన్ ఎక్కించారు. భర్త పట్టుకునేవారు, ఈవిడ సూది గుచ్చేవారు. నోట్లో పుళ్లు, అమోనియా వాసన, వాంతులు. 33 కిలోల కుక్క 22కి వచ్చింది. ఆగస్టు మొదటి వారంలో క్రియాటినిన్ 9 దాటాక, "ఇక మనం చేసేది వాడికోసం కాదమ్మా, మనకోసం" అన్నారట డాక్టరు.

నా పొరపాటు

రెండో సిటింగులో ఆవిడ అదే పనిగా అడిగారు: "నేను చేసింది కరెక్టేనంటారా?" రిపోర్టులన్నీ చూశాను కాబట్టి, "మీరు చేసింది కరెక్టే. వాడి బాధ తీర్చారు" అన్నాను.

ఆవిడ తలూపారు, థాంక్స్ చెప్పారు, ఆ తర్వాత గంటంతా ముక్తసరిగా మాట్లాడారు. ఈ మాట ఆవిడకి అప్పటికే అందరూ చెప్పారు. భర్త చెప్పారు, డాక్టరు చెప్పారు, పాలబ్బాయి కూడా చెప్పాడు. నేను ఫీజు తీసుకుని అదే చెప్పాను. అందరూ కరెక్టే అంటున్నారంటే వాళ్లకి అసలు సంగతి తెలియదనే అర్థం, తెలిస్తే అనరు: తప్పు చేశాననుకునే మనిషి మనసులో లెక్క ఇలా నడుస్తుంది. ఆ అసలు సంగతేమిటో నేను అడగనే లేదు.

దీనికి తోడు ఇంట్లో వినిపించే మాటలు. "మనుషులు పోతేనే పదకొండో రోజుకి లేచి పనులు చేసుకుంటాం, కుక్కకి ఇంత ఏడుపా" అని అత్తగారు. "ఇంకో పిల్లని తెస్తాలే" అని భర్త. సోమవారం స్కూలుకి సెలవు పెడుతూ కడుపునొప్పి అని రాశారు. కుక్క పోయిందని రాయగలిగే కాలమ్ సెలవు చీటీలో లేదు కదా. శోకం మీద పరిశోధించిన కెనెత్ డోకా అనే ఆయన 1989లో ఇలాంటి దుఃఖానికి ఒక పేరు పెట్టాడు. తెలుగులో చెప్పాలంటే లోకం లెక్కలోకి తీసుకోని దుఃఖం. మైల లేదు, దినం లేదు, పలకరించడానికి వచ్చేవాళ్లు లేరు. ఏడవడానికి కూడా బాత్రూములో కుళాయి తిప్పుకోవాలి. అక్షరాలా అలాగే చేసేవారట.

ఆ రోజు, గంట గంటకీ

మూడో సిటింగులో సలహాలు కట్టిపెట్టి, శనివారం పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం జరిగిందో వరసగా చెప్పమన్నాను. వేగంగా చెబుతుంటే ఆపి, "అప్పుడు మీరెక్కడ నిలబడ్డారు? చేతిలో ఏముంది?" అని అడిగాను. ముప్పావుగంట పట్టింది.

రెండు చోట్ల గొంతు పూడుకుపోయింది.

మొదటిది కారు తాళాలు. వాడు మూడు రోజులుగా లేవలేదు. మేకుకి తగిలించిన తాళాలు తీస్తుంటే ఆ చప్పుడుకి తలెత్తి తోక నేలకేసి కొట్టాడు, రెండుసార్లు. షికారనుకున్నాడు. "బతకాలనుందని చెప్పాడండి నాకు. అయినా ఎక్కించాను."

రెండోది క్లినిక్కులో. ముంగాలికి క్యాన్యులా (మందు ఎక్కించే సన్న గొట్టం) పెట్టి, ముందు మత్తు ఇచ్చి, తర్వాత అసలు మందు ఎక్కించారు. నిమిషం రెండు నిమిషాల్లో గుండె ఆగిందని డాక్టరు చెప్పి పక్కకి జరిగారు. ఈవిడ చెయ్యి ఇంకా వాడి పక్కటెముకల మీదే ఉంది. అప్పుడు వాడు గట్టిగా ఒక ఊపిరి లాగాడు. ఇంకాసేపటికి ఇంకొకటి. కళ్లు తెరిచే ఉన్నాయి. "పోలేదు! పోలేదు!" అని అరిచారట. ఎవరూ ఏమీ చెప్పలేదు. తర్వాతి పేషెంటు గుమ్మంలో ఉంది.

ఏడు వారాలుగా ఆవిడ ఈ ఊపిరిని మోస్తున్నారు, భర్తకి కూడా చెప్పలేదు. నాలుగున్నరకి లేపుతున్నది గోళ్ల చప్పుడు కాదు, ఇదేనని నాకు అప్పుడర్థమైంది.

నేను పశువుల డాక్టర్ని కాదు. ఇది నేను చెబితే ఓదార్పు మాటలా ఉంటుంది, అందుకని ఆవిడ అనుమతి తీసుకుని ఆ డాక్టరుకే ఫోన్ చేశాను. శనివారం మధ్యాహ్నం, రద్దీ లేని వేళ, ఇరవై నిమిషాలు ఇచ్చారు. నేనూ వెళ్లాను. ఆయన చెప్పింది ఇది: ఆ మందు మొదట మెదడు పైభాగాన్ని ఆపేస్తుంది, తెలివి సెకన్లలో పోతుంది. తర్వాత ఊపిరి, గుండె ఆగుతాయి. గుండె ఆగాక కూడా మెదడు కాండం, కండరాలు కొన్నిసార్లు ఒకటి రెండు ఊపిరులు లాగిస్తాయి, ఒళ్లు అదురుతుంది, మూత్రం పోతుంది. తెలివి ఉంటేనే బాధ తెలుస్తుంది, అది అప్పటికే లేదు. కళ్లు మూతపడకపోవడం కుక్కల్లో మామూలే. చివర్లో ఆయన, "ముందే చెప్పాల్సిందమ్మా. చెప్పలేదు. నా తప్పే" అన్నారు.

ఆ ఒక్క మాట నా ఆరు గంటల పని చేసింది. మొదటిసారి ఈ కథలో ఇంకొకరు తమ వంతు తప్పు తాము తీసుకున్నారు. పెంపుడు జంతువులకి వైద్యం చేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: ఆ ఊపిరి గురించి ముందే చెప్పండి, అరనిమిషం పని.

గోడ క్యాలెండర్

ఆవిడ పాల లెక్క, గ్యాస్ బండ తేదీ గోడ క్యాలెండర్ మీద రాసుకుంటారు, మన ఇళ్లన్నింటిలో లాగే. జూన్ నుంచి వాడి లెక్క కూడా దాని మీదే రాశారు. తీసుకురమ్మన్నాను. జులై, ఆగస్టు కాగితాలు చింపి, మడతపెట్టి, హ్యాండ్‌బ్యాగులో తెచ్చారు. పాలు లీటరున్నర పక్కన ఎర్ర పెన్నుతో "వాం", సెలైన్‌కి "సె", తనంతట తను తింటే ఒక టిక్కు.

పశువుల క్యాన్సర్ వైద్యురాలు ఆలిస్ విలలోబోస్ తయారుచేసిన కొలబద్ద ఒకటుంది. నొప్పి, తిండి, నీళ్లు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువా కాదా అని ఏడు అంశాలు, ఒక్కోదానికి పది మార్కులు. 35 దాటితే ఇంకా చూసుకోవచ్చని అర్థం. దాన్ని చూపించి మార్కులు వేయించొచ్చు. కానీ ఇప్పుడు వేస్తే ఇప్పటి మనసుతో వేస్తారు. క్యాలెండర్ మీద గీతలు ఆ రోజు మనసుతో ఆ రోజే పడ్డవి. అందుకని ఆవిడనే లెక్కపెట్టమన్నాను.

జులైలో 31 రోజులకి టిక్కులు 11. ఆగస్టులో తొమ్మిది రోజులకి ఒకటి. వాంతులు జులైలో 17 రోజులు, ఆగస్టులో ఎనిమిది.

"ఆ ఒక్క టిక్కు ఎప్పుడు?"

"నాలుగో తారీఖు. ఐస్‌క్రీమ్ పెట్టాను."

ఆవిడ గుర్తుల్లో మాత్రం వాడు "ఆఖరి వారంలో కాస్త కోలుకున్నాడు". కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. జరిగిపోయాక అంతా ముందే తెలిసినట్టు అనిపించడం మీద బారూక్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1975లో చేసిన పని ఒకటుంది. దాన్ని లెక్కల టీచరుకి వివరించడం తేలిక: వెనక పేజీలో జవాబు చూశాక ప్రతి లెక్కా సులువే. ఆవిడే అందుకున్నారు, "పిల్లలకి నేను చెప్పే మాటే ఇది."

ఐదోసారి బాధ్యతని వందకి పంచమన్నాను. మొదట తనకి 90 వేసుకున్నారు. అలా కాదు, మీ వంతు ఆఖర్న వేయండి, ముందు మిగతావాళ్లవి అన్నాను. కిడ్నీ జబ్బుకి 60, వయసుకి 20, జబ్బు బాగా ముదిరేదాకా బయటపడని శరీర తత్వానికి 10. తనకి మిగిలింది 10. అది ఎందుకంటే మార్చిలో నీళ్లు ఎక్కువ తాగుతున్నప్పుడు చూపించనందుకు. నేను దాన్ని సున్నా చేయడానికి ప్రయత్నించలేదు. ఆ ఆలస్యం నిజం. అప్పుడే తిండి మార్చి ఉంటే కొన్ని నెలలు కలిసొచ్చేవేమో, జబ్బు మాత్రం పోయేది కాదు. ఉన్న తప్పుని లేదనడం నా పని కాదు. దాని సైజు ఎంతో అంతే ఉంచడం నా పని. ఆవిడ 10 చుట్టూ గుండ్రంగా గీత గీసి, కింద "స్పాట్ + ఎలక్షన్" అని రాసుకున్నారు.

శుక్రవారం సంగతి

ఇంత జరిగినా నిద్ర మాత్రం బాగుపడలేదు. పీహెచ్‌క్యూ 12 దగ్గరే ఆగింది. ఏదో మిగిలిపోయింది.

ఆరోసారి వచ్చినప్పుడు ఆవిడ ధర్మరాజు మాట ఎత్తారు. "కుక్కని వదిలి స్వర్గానికి రానన్నాడండి ఆయన. నేనేమో సెలవు చూసుకుని..." అని ఆగారు.

"సెలవు చూసుకునీ?"

ఆగస్టు 10 రెండో శనివారం. స్కూలు లేదు. డాక్టరు గురువారమే చేసేద్దామన్నారు, ఈవిడ శనివారం అడిగారు. నేను ఊరుకున్నాను. చాలాసేపటి తర్వాత అసలు మాట వచ్చింది, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, నా వైపు చూడకుండా.

"పదహారున వరలక్ష్మీ వ్రతం మేడమ్. ఇల్లంతా కంపు. అత్తయ్యగారు రోజూ అంటూనే ఉన్నారు, ఈ ఇంట్లో అమ్మవారిని ఎలా కూర్చోబెడతావని. వాడు పోయిన రాత్రి నేను తెల్లారి ఏడింటిదాకా పడుకున్నాను. రెండు నెలల్లో అదే మొదటి నిద్ర. మర్నాడు ఫినాయిల్ పోసి ఇల్లు కడిగాను. శుక్రవారం తొమ్మిది రకాలు వండి వ్రతం చేసుకున్నాను. పేరంటాలకి వాయనాలిచ్చాను. అందరూ ఇల్లు ఎంత బావుందో అన్నారు. నేనూ అనుకున్నాను, హమ్మయ్య అని."

ఇదీ ఆ సంగతి. వాడిని చంపించానన్నది పైన కనిపించేది. వాడు పోయాక హమ్మయ్య అనుకున్నానన్నది అడుగున ఉన్నది. మంచాన పడ్డ మనిషికి నెలల తరబడి చేసినవాళ్లు కూడా ఈ మాటే ఆఖర్న, తలదించుకుని చెబుతారు. నా అనుభవంలో ఇంజెక్షన్ చేయించినవాళ్లు దాదాపు అందరూ ఇలాంటిదొకటి దాచుకుంటారు: ఖర్చు, ఊరి ప్రయాణం, వాసన, నిద్ర. అది బయటికి వచ్చేదాకా ఓదార్పేదీ లోపలికి పోదు.

రెండో సిటింగులో చేసిన తప్పు మళ్లీ చేయలేదు. "అబ్బే, మీరు వ్రతం కోసం చేయలేదు" అనలేదు. "క్యాలెండర్ మళ్లీ తీద్దామా?" అన్నాను. ఆగస్టు కాగితం తీశారు. పదహారో తేదీ గడిలో వ్రతం అని అచ్చయి ఉంది. "వ్రతం సెప్టెంబరులో వచ్చి ఉంటే వాణ్ణి ఎన్నాళ్లు ఉంచేవారు?"

టీచరు కదా, నిజంగానే లెక్క వేశారు. వాంతుల గీతల మీద వేలు పెట్టి జరుపుతూ, "పదిహేను దాటేది కాదు" అన్నారు. "నాలుగైదు రోజులు. ఆ నాలుగైదు రోజులు కూడా..." అని ఎనిమిది, తొమ్మిది తారీఖుల మీద వేలు ఆపారు. ఆ రెండు గళ్లలో "వాం" మూడేసి సార్లు ఉంది.

వాడి బాధా నిజమే, ఆవిడ అలసటా నిజమే, వ్రతమూ నిజమే. ఒక నిర్ణయానికి ఒకే కారణం ఉండాలని, అదీ పూర్తిగా నిస్వార్థమైనదై ఉండాలని మనం ఆడవాళ్ల దగ్గర మరీ ఎక్కువగా ఆశిస్తాం. ఇల్లు కడిగినందుకు వాళ్లాయనకి ఏ బాధా లేదు. కడిగింది ఆయన కాదు కాబట్టి.

లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "అయినా ధర్మరాజు కుక్క యముడే కదండీ. దానికి కిడ్నీలు పాడవుతాయా ఏంటి" అన్నారు. ఇద్దరం నవ్వాం. ఆ వారం నుంచి నిద్ర పట్టింది.

అమ్మాయి, కొబ్బరితోట, దీపావళి

అమ్మాయి రెండు నెలలుగా తల్లితో సరిగా మాట్లాడటం లేదు. వీసా స్టాంపింగ్ గొడవలో ఉంది, దేశం దాటితే తిరిగి వెళ్లగలనో లేదోనన్న టెన్షన్. "నేనొచ్చేదాకా ఆగలేకపోయావా అమ్మా" అని ఆ రోజు వీడియో కాల్‌లో అని పెట్టేసిందట. ఒక ఆదివారం ముగ్గురం వీడియోలో కూర్చున్నాం. తల్లి ఏమీ వాదించలేదు, క్యాలెండర్ కాగితాలు కెమెరా ముందు పెట్టారు. అమ్మాయి చాలాసేపు చూసి, "ఇదంతా నాకు ఎందుకు చెప్పలేదు" అంది. "నువ్వక్కడ ఒక్కదానివే ఏడుస్తావని." తర్వాత ఇద్దరూ ఏడ్చారు, నేను నోరు మూసుకున్నాను. వాడు పాతిపెట్టిన బొమ్మల గురించి అరగంట చెప్పుకున్నారు.

వాణ్ణి పోయిన రోజు మధ్యాహ్నమే భర్త కోనసీమలో వాళ్ల కొబ్బరితోటకి తీసుకెళ్లి, ఉప్పు వేసి పూడ్చారు. ఆడవాళ్లు రాకూడదని అత్తగారు ఈవిడని పంపలేదు. అక్టోబరులో వెళ్లొచ్చారు, భర్తతో. ఏం చేయాలో నేను చెప్పలేదు. వాడి స్టీలు గిన్నెలో పెరుగన్నం కలిపి తీసుకెళ్లి పెట్టారట. కాసేపటికి తోటలో కుక్క వచ్చి తినేసిందట. "తిననిచ్చాను" అన్నారు.

దీపావళి గురించి ముందే మాట్లాడుకున్నాం. టపాసులకి వాడు బాత్రూములో దూరేవాడు, ఈవిడ తలుపేసుకుని పక్కన కూర్చునేవారు. ఈసారి ఎనిమిదింటికి అలవాటుగా వెళ్లి, పావుగంట ఒక్కరే కూర్చుని, లేచి వచ్చి గుమ్మంలో దీపాల్లో నూనె పోశారు. దుఃఖంలోకి వెళ్లడం, పనుల్లోకి రావడం, మళ్లీ వెళ్లడం: శోకం మీద పరిశోధించిన స్ట్రోబ్, షుట్ 1999లో రాసిన నమూనాకి ఇంతకంటే మంచి ఉదాహరణ నా దగ్గర లేదు.

నవంబరు చివరికి పీహెచ్‌క్యూ 5. మొత్తం తొమ్మిది సిటింగులు. మందులు అవసరం పడలేదు. గోళ్ల చప్పుడు ఇంకా ఎప్పుడన్నా వినిపిస్తుంది, లేచి చూడరు. ఇంకో కుక్క వద్దన్నారు, నేను దాని జోలికి పోలేదు.

2025 ఫిబ్రవరిలో ఒకసారి రమ్మన్నాను. ఏడాది తిరిగే రోజు ఎలా గడపాలో ముందే అనుకోవాలని నా ఉద్దేశం. నేను ఎత్తేలోపే ఆవిడ అన్నారు, "కొత్త క్యాలెండర్ వచ్చిన రోజే చూశానండి. ఈసారి వ్రతం ముందొస్తుంది, ఎనిమిదిన. వాడి రోజు తర్వాత, ఆదివారం."

వ్రతం చేస్తారా అనడిగాను.

"చేస్తాను. పదిన తోటకి వెళ్తాం. ఆ రోజు ఇల్లు ఎలా ఉంటే అలా ఉంటుంది."